మేడమీది పద్యానికి నిచ్చెన వ్యాఖ్య

మూలము

ఆ.వె.
పాత మేడ మీద బైకప్పు దాచంగ
దొంగకప్పు గట్టి రంగులద్ది
దూలములకు నేడు దుప్పటి గప్పుట
చలువ జంపి యేసి కొలిచినట్లు

అవతారిక

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. ఆయనది మెదకు సీమ, మాది కృష్ణా జిల్లా. అక్కర్లేనిది చెప్పకపోతే మాకు పొద్దుపోదు.

వ్యాఖ్యకు పేరుండాలి. మల్లినాథుడు రఘువంశానికి రాసిన టీక సంజీవని, కిరాతార్జునీయానికి రాసింది ఘంటాపథం, శిశుపాలవధకు రాసింది సర్వంకష. వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకు టీక రాసి దానికీ సంజీవని అనే పేరు పెట్టారు. శృంగారనైషధానికి రాసి సర్వంకష అన్నారు. మంచి పేర్లన్నీ పెద్దవాళ్లు వాడేసుకున్నాక నాకు మిగిలింది నిచ్చెన. పద్యం పైఅంతస్తు గురించి కాబట్టి అదీ అతికినట్టే సరిపోయింది.

ఇక సందర్భం. చల్లపల్లి దేవరకోట సంస్థానానికి ముఖ్యపట్టణం. యార్లగడ్డ వారు ఏలిన ఊరు. రాజావారి కోట ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఈ పద్యం దాని మీద కాదు. కోట పనికి వచ్చిన మేస్త్రీలను చూసి కలిగినవాళ్లు తమ తాహతుకి తగ్గ మేడలు కట్టించుకున్నారని మా ఇంట్లో చెప్పుకునేవారు. అలాంటి మేడ ఒకటి మా బాబాయిది. కింద బాబాయి, పిన్ని ఉంటారు. పైభాగం హైదరాబాదులో ఆడిటరుగా ఉన్న మా తమ్ముడి వాటాకి వచ్చింది. పండగలకి వచ్చి ఉండడానికి దాన్ని అపార్ట్‌మెంటులా చేయించుకుందామని వాడి ఊహ. ఇంటీరియర్ డిజైనర్ ఒకమ్మాయి లేజరు కొలబద్ద పట్టుకుని వచ్చింది. గోడకి ఎర్ర చుక్క పెట్టి కొలత చెప్పింది. బాబాయి మూరలు వేసి చెప్పిన లెక్కకీ దానికీ నాలుగంగుళాలే తేడా వచ్చింది. నాలుగో రోజుకి ఎస్టిమేటు వచ్చింది. మొదటి వరస: హాలుకి ఫాల్స్ సీలింగు, కోవ్ లైటింగుతో.

బాబాయి ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఎస్టిమేటు కాగితం తిరగేసి వెనక ఈ ఆటవెలది రాశాడు. ఫోటో తీసి నాకు పంపాడు, ఎవరి పక్షమో చెప్పమని. నేను ఏ పక్షమో చెప్పకుండా వ్యాఖ్య రాస్తున్నాను. వ్యాఖ్యాతలకి ఆ సౌకర్యం ఉంది.

ప్రతిపదార్థము

పాత = తాతలనాటి. కొనేటప్పుడు ధర తగ్గించేది, అమ్మేటప్పుడు ధర పెంచేది.
మేడ మీద = పైఅంతస్తునందు. టాప్ ఫ్లోరని ఎస్టిమేటు పాఠము.
పైకప్పు = దూలాలు, వాసాలు, ఇటుక, సున్నముతో కూడిన మిద్దె.
దాచంగ = కనబడకుండ జేయుటకు.
దొంగకప్పు = జిప్సం బోర్డుతో చేసిన అసత్యపు కప్పును.
కట్టి = బిగించి. స్క్రూలతో అని శేషము.
రంగు = ఐవరీ, ఆఫ్ వైట్ మొదలగు తెలుపులను.
అద్ది = పులిమి.
దూలములకు = బర్మా టేకు మొద్దులకు.
నేడు = ఈ వేసవిలో.
దుప్పటి కప్పుట = ముసుగు పెట్టుట. నిద్రించువానికైనను, పోయినవానికైనను.
చలువ జంపి = ఉన్న చల్లదనమును పోగొట్టి.
ఏసి = గోడకు తగిలించెడి, నెలనెలా బిల్లు తెచ్చెడి యంత్రమును.
కొలిచినట్లు = పూజించినట్లు. "టన్నుల లెక్కన కొలిచినట్లు" అని కొందరు. ఒకటిన్నర టన్ను చాలునని డిజైనర్ కొలిచే చెప్పింది గనుక అదీ గ్రాహ్యమే.

అరసున్నలు కవి పెట్టాడు. ఫోనులో టైపు చేసేటప్పుడు నాకు దొరకలేదు. పాఠకులు ఉన్నట్టే చదువుకోవాలి.

తాత్పర్యము

పాత మేడలో టేకు దూలాల కప్పుని జిప్సం బోర్డు వెనక దాచి రంగులు వేయించడమంటే, సహజంగా ఉన్న చలువని చంపుకుని ఏసీకి దండం పెట్టుకోవడమే. తాత్పర్యం ఇంతే. పద్యం కంటే చిన్నది. అందుకే విశేషాలు రాయాలి.

విశేషములు

"మేడ మీద." డెల్టాలో మేడ అనే మాటకి డాబు అన్న అర్థం పైపైది. లోపలి అర్థం నీళ్లు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనలో ముప్ఫైవేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెనలో పోయినవారు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. చల్లపల్లి దివిసీమకి వెళ్లే దారిలో ఉన్న ఊరు. ఆ రోజుల గురించి ఇక్కడి ముసలివాళ్లని కదిపితే ఎవరు బతికారన్న మాట ఎవరు ఎక్కారన్న మాటతోనే మొదలవుతుంది. చెట్టో, గుడి మండపమో, డాబానో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ జనం చేసింది అదే, సామాన్లు తలమీద పెట్టుకుని పైవాటాకి ఎక్కారు. పద్యంలో కవి ఈ సంగతి ఎత్తలేదు. నాలుగు పాదాల్లో పట్టకపోయి ఉంటుంది. డిజైనర్ కూడా ఎత్తలేదు. ఆమె ఎస్టిమేటులో పైకి వచ్చే మెట్లకి టఫెన్డ్ గ్లాసు రెయిలింగు ఉంది. అర్ధరాత్రి కరెంటు లేని వానలో మంచంతో సహా ముసలమ్మని పైకి ఎక్కించిన ఇంటికి అద్దాల రెయిలింగు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈ ఒక్క చోట నేను బాహాటంగా కవి పక్షమే.

మేడకి ఇంకో అర్థం కూడా ఉంది, పైనుంచి చూడడం. ఈ సంస్థానంలో పైనుంచి చూసేవాళ్లు కొద్దిమంది, కింద దున్నేవాళ్లు వేలమంది. మంగళాపురంలో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు లాంటివాళ్లు పెరిగి పెద్దయింది ఈ చుట్టుపక్కల పొలాలు చూస్తూనే. చల్లపల్లి జమీందారీ మీద రైతుల పోరాటం ఆంధ్ర కమ్యూనిస్టుల చరిత్రలో ఒక అధ్యాయం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. మేడలు మిగిలాయి. ఇప్పుడు ఆ మేడల్ని వారసత్వ కట్టడాలు అంటున్నాం. మా తమ్ముడు హెరిటేజ్ లుక్ అంటాడు. హెరిటేజ్ ఉన్న ఇంట్లో హెరిటేజ్ లుక్ కావాలంటే ముందు హెరిటేజిని దాచాలని వాడికి ఎవరు చెప్పారో తెలియదు.

"పైకప్పు." ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు కూర్చుంటాడు. మీరూ కూర్చోండి.

ఈ కప్పుని మద్రాసు మిద్దె అంటారు. గోడ నుంచి గోడకి టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వాసాలు. వాసాల మీద పలచటి ఇటుకల్ని నిలువు అంచున, ఏటవాలుగా, సున్నంలో పేర్చుకుంటూ పోతారు. ఆ పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం మందంగా పరిచి చెక్క దిమ్మెసలతో కొడతారు. ఒకరోజు పని కాదది. ఆడవాళ్లు వరసగా కూర్చుని పాట పాడుకుంటూ రోజుల తరబడి కొట్టేవాళ్లు. కొట్టేటప్పుడు మీద చల్లేది ఉత్త నీళ్లు కాదు, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో బెల్లం కలిపి చల్లేవాళ్లు. కరక్కాయ వగరు, బెల్లం జిగురు సున్నాన్ని పట్టి ఉంచుతాయి. ఆ పైన పలక పెంకులు పరిస్తే కప్పు పూర్తయినట్టు.

సున్నం సంగతి కూడా చెప్పాలి. ఆల్చిప్పలో, నత్తగుల్లలో, సున్నపురాయో బట్టీలో కాలుస్తారు. నీళ్లు కొడితే బుసబుసమని పొంగి చల్లారుతుంది. ఇసకతో కలిపి గానుగలో వేసి ఎద్దుల్ని తిప్పితే వెన్నలా దిగుతుంది. గోడకి పూశాక గాలిలోంచి మెల్లగా బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అంటే ఈ గోడ ఏళ్ల తరబడి గాలి పీలుస్తూనే ఉంటుంది. వానాకాలం తేమ తీసుకుంటుంది, ఎండాకాలం వదిలేస్తుంది. దాని మీద పుట్టీ పెట్టి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ముక్కు మూసినట్టే. లోపల చిక్కిన తేమ రెండు వానల తర్వాత బొబ్బలై లేస్తుంది. అప్పుడు రంగు మనిషి పాత గోడండీ అంటాడు, నేరం గోడదైనట్టు.

ఎత్తు సంగతి. ఈ హాలు పద్నాలుగు అడుగుల ఎత్తు ఉంటుంది. గోడల పైఅంచున గవాక్షాలు. వేడిగాలి పైకి లేచి వాటిలోంచి పోతుంది, సాయంత్రం దక్షిణపు కిటికీలోంచి పైరగాలి లోపలికొస్తుంది. ఇందులో ఏ యంత్రమూ లేదు, ఉన్నదల్లా లెక్క. దొంగకప్పు తొమ్మిదిన్నర అడుగుల దగ్గర కడతారు. గవాక్షాలు దాని పైన ఉండిపోతాయి. పిట్టలు కాపురం పెట్టుకోవడానికి బాగుంటుంది. నాలుగో పాదంలో చలువ చంపడం అంటే ఇదే. కవి అతిశయోక్తి చెప్పాడని కొందరంటారు. ఆయన చెప్పింది ఫిజిక్సు.

"దొంగకప్పు." ఫాల్స్ సీలింగుకి ఇంతకంటే మంచి తెలుగు నేను వినలేదు. మన భాషలో దొంగ అన్న మాట ముందు చేరితే చాలు, ఏ వస్తువైనా అబద్ధం అయిపోతుంది. దొంగనోటు, దొంగలెక్క, దొంగనిద్ర, దొంగదండం, దొంగఏడుపు. వీటిలో దేనికీ కన్నం వేసే దొంగతో పనిలేదు. ఇంట్లో ఉన్న నాలుగున్నర అడుగుల ఎత్తుని ఎత్తుకుపోతుంది కనుక ఈ కప్పు ఒక్కటే రెండు రకాలుగానూ దొంగ.

కప్పు అనే పదానికి నానార్థాలున్నాయి. ఇంటి కప్పు, ముసుగు కప్పడం, టీ కప్పు, పోటీలో గెలిచే కప్పు. ఎస్టిమేటు మీద మాటలు నడిచిన మధ్యాహ్నం పిన్ని మూడో కప్పు ఎన్నిసార్లు తెచ్చిందో లెక్కలేదు.

పాఠాంతరం: "డాబుకప్పు" అని తమ్ముడు సూచించాడు, దొంగ అంటే డిజైనర్ నొచ్చుకుంటుందని. అర్థం బాగానే ఉంది. కాని రెండో పాదంలో దొంగ, రంగు అన్నచోట ప్రాసయతి ఉంది. డాబు పెడితే యతి కూలుతుంది. యతి కోసం ఒకరి మనసు నొప్పించవచ్చా అన్నది అలంకారశాస్త్రం తేల్చలేదు. పూర్వపాఠమే ఉంచాం.

"రంగులద్ది." పాత గోడల రంగుకి పెద్ద జాబితా లేదు. సున్నంలో కాస్త నీలిమందు, కింద నడుమెత్తు దాకా జాజు పట్టె. పిల్లలు చేతులు రాసినా, బల్ల తగిలినా జాజులో కలిసిపోయేది. మేడ హాలులో ఒక గోడకి మాత్రం గచ్చుపూత ఉంది. గుల్లసున్నం, గుడ్డు తెల్లసొన కలిపి పూసి నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దారు. ఇప్పటికీ దీపం పెడితే ఆ గోడలో ఇంకో దీపం కనబడుతుంది. ఎస్టిమేటులో ఈ గోడకే హైలైట్ వాల్ అని పేరు పెట్టి వాల్‌పేపరు రాశారు. ఫోటో చూపించారు, ముదురు ఎరుపు నేల మీద తీగలు, పూలు, మధ్యలో జీవవృక్షం. పేరు పర్షియన్ ఫ్లోరల్.

ఇక్కడ వ్యాఖ్యాత నవ్వాపుకోలేడు. ఆ తీగలు ఈ రూపు దిద్దుకున్నది పర్షియాలో కాదు, బందరులో. బందరు పక్కనే, ఈ గోడకి గంట ప్రయాణం దూరంలో, అద్దకం ఊరు పెడన ఉంది. పర్షియా బేరగాళ్లకి నచ్చేట్టు పూలు దిద్దింది ఇక్కడి అద్దకం వాళ్లే. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు పెట్టింది కూడా ప్రధానంగా గుడ్డ కోసమే. మన కలంకారీ పలంపోషు దుప్పట్లు యూరపులో మంచాల చుట్టూ తెరలయ్యాయి, గోడల మీద అలంకారమయ్యాయి. గిరాకీ ఎంతదాకా వెళ్లిందంటే వాళ్ల నేతగాళ్లు గోల పెట్టి 1686లో ఫ్రాన్సులో, 1700లో ఇంగ్లండులో నిషేధపు చట్టాలు తెచ్చుకున్నారు. ఆ గుడ్డని చూసి వాళ్లు కాగితం మీద అచ్చు వేశారు. ఆ కాగితం మూడు వందల ఏళ్లు తిరిగి, రోల్ ఇంత అని ధర కట్టించుకుని, చల్లపల్లి మేడ మెట్ల దాకా వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుని పేరడిగి లోపలికి రానిచ్చినట్టుంది.

ఇంకో విశేషం. కలంకారీ గుడ్డని మొదట కరక్కాయ కషాయంలో, పాలలో నానబెడతారు. రంగు పట్టేది ఆ వగరు వల్లే. నల్లరంగుకి తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో ఊరబెడతారు. అంటే పైన మిద్దెలో ఉన్నవీ కరక్కాయ, బెల్లమే, కింద గుడ్డలో ఉన్నవీ అవే. ఒకే కొట్టు నుంచి ఒకే సరుకు తెచ్చి ఒకడు కప్పు వేశాడు, ఒకడు పువ్వు వేశాడు. ఇంటీరియర్ మ్యాచింగ్ అంటే ఇంతకంటే ఏముంది!

బెల్లం అన్నాక చక్కెర గుర్తొస్తుంది. దేశంలోని ఆడిటర్లకి చల్లపల్లి అనగానే రాజావారు గుర్తురారు, చల్లపల్లి షుగర్స్ గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ నడవడం మొదలుకాక ముందు అప్పు మీద కట్టిన వడ్డీని ఆస్తి ఖరీదులో కలుపుకోవచ్చునని 1970లలో సుప్రీంకోర్టు చెప్పిన కేసు అది. మా తమ్ముడు చదువుకునే రోజుల్లో సొంత ఊరి పేరు పరీక్షలో రాశానని మురిసిపోయాడు. ఇప్పుడు ఇంటీరియర్‌కి తీసుకున్న అప్పు వడ్డీ కూడా మేడ ఖరీదులో కలుస్తుందంటాడు. కోర్టు చెప్పింది మిల్లు సంగతి, మేడ సంగతి కాదు. వాడికీ తెలుసు. ఊరి కేసు అని వాడుకుంటాడు.

"దూలములకు." బర్మా టేకు. రంగూనుకి మన కోస్తా నుంచి మనుషులు పడవల్లో కూలికి వెళ్లారు, అక్కడి నుంచి కర్ర పడవల్లో వచ్చింది. పంకా లాగిన కొక్కేలు, ఉయ్యాల బల్ల వేలాడిన గొలుసుల ఉంగరాలు ఈ దూలాలకి ఇప్పటికీ ఉన్నాయి. బోర్డు వేస్తే వాటినీ కోసేయాలి. గూళ్లు, చిలక్కొయ్యలు, అటక, అలమర అన్నీ గోడలోనే పుట్టి గోడలోనే ఉన్నాయి. వార్డ్‌రోబ్ గోడకి ఆనించి నిలబెట్టే పెట్టె, మా అలమర గోడ తనలో తాను చేసుకున్న చోటు.

బాత్రూము, పంపులు, వైరింగు గురించి కవి ఏమీ అనలేదు. అనడానికీ లేదు. పూర్వం మేడ మీద బాత్రూము లేదు, రాత్రి కిందికి దిగాలి. ఎస్టిమేటులో ఆ భాగం నిర్దోషం.

"చలువ జంపి యేసి కొలిచినట్లు." ఇది పద్యానికి ప్రాణం. పైకి చూస్తే చలువని చంపి, ఏసీని కొలవడం. కాని మా వైపు వేసి అనే మాటని ఏసి అంటాం. తలుపేసి, గొళ్లేమేసి, ఫ్యానేసి. అలా విడగొడితే "చంపియేసి కొలిచినట్లు" అవుతుంది. అంటే చలువని చంపేసి, తర్వాత దానికే పూజ చేసినట్లు. దండ వేసిన ఫోటోకి దీపం పెట్టినట్టు. ఇది సభంగశ్లేష. తలుపేసి ఏసీ ఏసి పడుకునేవాళ్లందరికీ వర్తిస్తుంది.

ఏసి అనేది ఇక్కడ కర్మ అయితే దాని మీది క గకారంగా మారి "యేసి గొలిచినట్లు" కావద్దా అని వైయాకరణులు అడుగుతారు. కవి మొదటి మూడు పాదాల్లో బైకప్పు, గట్టి, గప్పుట అని శ్రద్ధగా మార్చినవాడు. నాలుగోదాంట్లో జంపి అని కూడా మార్చాడు. ఇక్కడ మాత్రం కొ అలాగే ఉంచాడు. క్త్వార్థకం మీద మార్పు రాదు గనుక చంపియేసి అన్న అర్థమే కవి మనసులోది అని నా నిర్ణయం. బాబాయిని అడిగితే "టైపు నువ్వు చేశావు, నన్నడుగుతావేంరా" అన్నాడు. కవి మాటని వ్యాఖ్యాత లెక్కచేయనక్కర్లేదు.

ఛందస్సు

మొదటి పాదంలో పా, బై లకి, మూడో పాదంలో దూ, దు లకి యతి. రెండు, నాలుగు పాదాల్లో ప్రాసయతి. అక్షరం కుదరనప్పుడు పక్క అక్షరంతో సర్దుకోవడమే ప్రాసయతి. గోడ రంగుకి కర్టెను రంగు కుదరకపోతే కాంట్రాస్ట్ అంటారే, అదే.

అలంకారము

అట్లు అని ఉంది కనుక ఉపమ. ఎస్టిమేటు మొత్తానికి అలంకారం మాత్రం అపహ్నుతి. ఉన్నదాన్ని లేదని, లేనిదాన్ని ఉందని చెప్పడం దాని లక్షణం. ఇది దూలం కాదు, జిప్సం. ఇది జిప్సం కాదు, ఇటలీ పాలరాయి. ఇది పాలరాయి కాదు, స్టిక్కరు.

ఆక్షేపణ, సమాధానము

ఫాల్స్ సీలింగు వల్ల వేడి తగ్గుతుంది గదా, మధ్యలో గాలిపొర ఉంటుంది గదా అని డిజైనర్ అంది. నిజమే. కొండాపూరులో మా తమ్ముడి ఫ్లాటు పైఅంతస్తు. మే నెలలో ఆ కాంక్రీటు స్లాబు రాత్రి పదింటికి కూడా పెనంలా ఉంటుంది. దాని కింద బోర్డు కట్టడం తెలివైన పని. అక్కడ పనికొచ్చిన మందుని ఇక్కడి రోగికి రాశారు. ఇక్కడ రోగమే లేదు.

రెండో ఆక్షేపణకి సమాధానం అంత తేలిక కాదు. వాసాల సందుల్లోంచి సున్నం పొడి రాలుతుంది. బల్లులు పడతాయి. కంచంలో పప్పు మీద సున్నం చుక్క పడితే నిన్నటిదాకా కప్పుని పొగిడినవాడు కూడా పైకి చూసి తిడతాడు. దీనికి పిన్నే సాక్షి. "పద్యం రాసినాయన కంచం తుడిచేది నేను" అంది.

అంతకంటే పెద్ద చిక్కు, పూర్వం వాళ్లు కూడా కప్పుకి దుప్పటి కప్పేవాళ్లు. చాందినీ అనేవారు. నాలుగు మూలలా కొక్కేలకి కట్టిన గుడ్డ. భోజనాల చోట, పడక మీద, పీటల మీద. దొరల బంగళాల్లోనూ కప్పు కింద గుడ్డ కట్టి సున్నం కొట్టేవాళ్లు. కాబట్టి మూడో పాదంలో దుప్పటి అని కవి వెక్కిరించడం తన తాతని వెక్కిరించడమే. వ్యాఖ్యాత ఇక్కడ కవిని కాపాడలేడు.

నిర్ణయం చేసింది వడ్రంగి. ఛానెళ్లు బిగించడానికి దూలాలకి ఎక్కడ రంధ్రాలు పెట్టాలో చూడమని డిజైనరే పిలిపించింది. అతను నిచ్చెన వేసుకుని ఎక్కి, పిడికిలితో ఒక్కో దూలాన్నీ గోడ దగ్గర్నుంచి తట్టుకుంటూ వచ్చాడు. ఆరు ఖంగుమన్నాయి. ఏడోది పడమటి గోడ దగ్గర దబ్‌మంది. మళ్లీ తట్టాడు, మళ్లీ దబ్‌. గోరుతో గీస్తే మట్టి రాలింది, చెద. పైన పిట్టగోడలో రావిమొక్క మొలిచి, దాని వేరు వెంట నీళ్లు దిగి, గోడలో దూరిన దూలం కొస నానింది. కప్పు మీద పలచటి పసుపు మరక కూడా ఉంది, బాబాయి రోజూ చూస్తూ కాఫీ తాగే మరక.

"ఇది కప్పెట్టేసి ఉంటే మీకు కప్పు కిందికొచ్చిందాకా తెలిసేది కాదండీ," అన్నాడు వడ్రంగి.

డిజైనర్ అమ్మాయి కాసేపు పైకి చూసింది. తర్వాత బాబాయిని అడిగింది, "అంకుల్, అప్పట్లో ఆ చాందినీ గుడ్డ ఎలా కట్టేవాళ్లు?"

చిన్నదైనా ఈ ప్రశ్న కావ్యానికి మలుపు. మొదటి వరస కొట్టేశారు. రావిమొక్క వేరుతో సహా పీకి, పైన సున్నంతోనే మరమ్మతు చేసి, దూలం కొస కోసి కొత్త టేకు అతుకు వేయించారు. మిగతా ఆరింటికీ నూనె పట్టించారు. గవాక్షాలకి దోమల జాలీ. భోజనాల బల్ల మీద పెడన నుంచి తెచ్చిన అద్దకం గుడ్డ నాలుగు మూలలా పాత పంకా కొక్కేలకి కట్టారు, ఎరుపు నేల మీద తీగలు, పూలు. ఆరు నెలలకోసారి విప్పి దులిపి, పైన దూలాన్ని తట్టి చూసి మళ్లీ కట్టుకోవచ్చు. గచ్చు గోడ గోడలాగే ఉంది. గాజు రెయిలింగు బదులు పాత కర్ర చేపిడే ఉంది. ఏసీ పడగ్గదిలో ఒకటి పెట్టారు. కవి దానికేమీ అనలేదు, ఏప్రిల్ వచ్చాక అందులోనే పడుకుంటున్నాడు.

చాందినీ కట్టిన రోజు బాబాయి కింద నిలబడి "ఇదీ దొంగకప్పేగా" అన్నాడు. "ఇది విప్పొచ్చు బాబాయ్," అన్నాను. "విప్పేది మీ పిన్ని, కట్టేది మీ పిన్ని, దొంగ ఎవరో నువ్వే చెప్పు," అన్నాడు. దీని మీద వ్యాఖ్య రాయదలచలేదు.

ఊరి గురించి ఒక్క మాట. 2014 నవంబరు నుంచి ఈ ఊళ్లో కొందరు తెల్లవారకముందే చీపుళ్లు పట్టుకుని రోడ్ల మీదికి వస్తున్నారు. ఊడుస్తారు, మొక్కలు నాటుతారు, గోడలకి రంగులు వేస్తారు. డిజైనర్ అమ్మాయి తిరుగు బస్సుకి తెల్లవారుజామునే బయల్దేరి వాళ్లని చూసిందట. ఈ ఎక్స్‌టీరియర్ ఎవరు చేశారని ఫోను చేసి అడిగింది.

గద్య

ఇది నిచ్చెన అను పేరుగల వ్యాఖ్యయందు దొంగకప్పు పద్యము సమాప్తము. రెండవ పద్యము మాడ్యులర్ కిచెన్ మీద. మూలం బాబాయి రాసి పిన్నికి వినిపించాడు. పొయ్యి గట్టు తన నడుముకి సరిగ్గా సరిపోయిందని, సొరుగులు మెత్తగా మూసుకుంటున్నాయని పిన్ని చెప్పి, కాగితం అడిగి తీసుకుంది. వంటింట్లో గచ్చు ఒకచోట కాస్త పల్లం. కొత్త అలమర కాలు ఊగుతోంది. పద్యం నాలుగు మడతలు పెట్టి ప్రస్తుతం దాని కింద ఉంది.